కాలువ కట్టేసే రోజు తెలిసిన మనిషి

2023 ఫిబ్రవరి. బందరు రోడ్డులో ఉన్న మా విశ్వవిద్యాలయంలో అప్పుడు నేను ఎస్టేట్ సెక్షన్ ఆఫీసర్ని. క్యాంపస్‌కు నీళ్ళిచ్చే పనిని ఔట్‌సోర్సింగ్ చేయాలని, అంటే బయటి ఏజెన్సీకి అప్పగించాలని పైవాళ్ళు నిర్ణయించేశారు. నిర్ణయమయ్యాక స్టేక్‌హోల్డర్స్ మీటింగ్ పెట్టమన్నారు. ఆ పని వల్ల మంచోచెడో అనుభవించేవాళ్ళందరినీ పిలిచి అడగడమన్నమాట. జాబితా రాసింది నేనే. డీన్లు, హెచ్‌ఓడీలు, మేం ఎంచుకున్న ఇద్దరు విద్యార్థులు. పంపుహౌస్ ఆపరేటర్ ఏసుబాబు నాకు తట్టనే లేదు.

మా దగ్గర బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. వేసవిలో కాలువకు నీళ్ళు ఆపి కట్టేసే లోపు క్యాంపస్ చెరువు నింపుకోవాలి. ఆఖరి నీళ్ళు ఎప్పుడొస్తాయో ఏసుబాబు ఏటా కాలువ లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే లస్కరుకు ఫోన్ చేసి కనుక్కుని, రెండు పంపులూ ఆపకుండా నడిపి చెరువు నింపేవాడు. పందొమ్మిదేళ్ళుగా ఇదే పద్ధతి. ఏ రిజిస్టరులోనూ ఇది లేదు.

మీటింగ్ రోజు అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. రెండు ముక్కలు చెప్పాలన్నాడు. ఇది ఆఫీసర్ల మీటింగని, బయట కూర్చుంటే పిలుస్తానని చెప్పాను. పిలవలేదు. "సంబంధీకులందరినీ సంప్రదించడమైనది" అని మినిట్స్ రాసి సంతకం పెట్టాను. ఆ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఏసుబాబును పరీక్షల విభాగంలో కట్టలు మోయడానికి మార్చారు. ఏజెన్సీ వాళ్ళు వచ్చి పైపులన్నిటికీ సెన్సర్లు పెట్టారు, కాలువ ఎప్పుడు కట్టేస్తారని మాత్రం ఎవరినీ అడగలేదు. ఏప్రిల్లో కాలువ ఆగేసరికి చెరువులో మోకాలి లోతు నీళ్ళున్నాయి. సెమిస్టర్ పరీక్షలకు చదువుకోవాల్సిన ఆడపిల్లలు హాస్టల్ గేటు దగ్గర బక్కెట్లతో ట్యాంకరు కోసం నిలబడ్డారు.

రిజిస్ట్రారు గారికి సిగ్గేయాల్సింది. కోపమొచ్చింది, అదీ ఏసుబాబు మీద. ఛార్జ్ అప్పగించేటప్పుడు సంగతి దాచాడని సస్పెన్షన్ మెమో తయారు చేయమన్నారు. ఈ మాట తెలిసి ఏసుబాబు నా బల్ల దగ్గరికొచ్చాడు.

"రెండేళ్ళలో రిటైరవుతాను మేడం గారూ. పిల్లలకి నీళ్ళు లేకుండా చేశాడన్న మాట పడి ఇంటికెళ్ళలేనండీ."

మెమో రాయలేదు. అతను చెప్పడానికే వచ్చాడని, నేనే బయట కూర్చోబెట్టానని, మినిట్స్‌లో రాసింది అబద్ధమని నోట్ రాసి పంపాను. రిజిస్ట్రారు గారు పిలిపించారు.

"ఇది ఫైల్లో ఉంటే ముందు మీ ఉద్యోగానికే ముప్పమ్మా."

"తెలుసండీ. పేజీ నంబరు వేసే పంపాను."

నంబరు పడ్డ పేజీని చించలేరు. మెమో ఆగింది, నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. ఏసుబాబుకు మాత్రం పంపుహౌస్ తిరిగి ఇవ్వలేదు.

పని చేసే మనిషిని అడగకుండా అందరినీ సంప్రదించామని రాయకూడదని ఆ వేసవి నాకు నేర్పింది. క్షమించమని అడగడానికి వెళ్తే ఏసుబాబు ఒకటే అన్నాడు: "వచ్చే ఏడు కాలువ కట్టేసే ముందు ఆ ఏజెన్సీ వాళ్ళని నాకో ఫోన్ చెయ్యమనండి. చెప్తాను."

వాళ్ళకు నంబరిచ్చాను. ఇంతవరకూ ఒక్కళ్ళూ చేయలేదు. ఏటా మార్చిలో ఏసుబాబుకు నేనే ఫోన్ చేసి, తేదీ కనుక్కుని వాళ్ళకు చెప్తున్నాను.