జిరాక్స్ మాస్టారి సభ్యత్వం

మా స్టోరులోకి ఊరికే ఎవరూ రాలేరు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీకూ నాకూ గొంతు నొప్పి తప్పుతుంది. మాది హోల్‌సేల్ స్టోరు. పేద్ద గోడౌను, కప్పుదాకా అట్టపెట్టెలు, సబ్బులు కావాలంటే డజన్ల లెక్కన, నూనె కావాలంటే ఒక మనిషి ఎత్తలేని డబ్బా. అవన్నీ వ్యాపారం చేసుకునేవాళ్ళకే. లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు వచ్చి ఆర్నెల్లు దాటి ఉండాలి. దుకాణం ముందు యజమాని నిలబడి, వెనక బోర్డు చదవడానికి వీలుగా తీయించుకున్న ఫోటో ఉండాలి. అన్నీ సరిపోతే కార్డు ఇస్తాం. కార్డు మీద ఎవరి మొహం ఉందో వాళ్ళే రావాలి, వెంట ఒక్కరిని తెచ్చుకోవచ్చు. ఉద్యోగస్తులకు కార్డు లేదు. ఇంటి అవసరాలకని వచ్చేవాళ్ళకు అసలే లేదు. లోపల పనిచేసే మాకు కూడా లేదు, ఉద్యోగం ఉన్నన్నాళ్ళు మెడలో వేలాడే స్టాఫ్ పాసే గతి.

ఈ నిబంధనలకు పంతొమ్మిదేళ్ళు కాపలా కాసినాయన జిరాక్స్ మాస్టారు. ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. కానీ ఆ మొహం, ఆ కళ్ళజోడు, పెన్నుతో బల్ల మీద కొట్టడం చూస్తే ఎవరికైనా ఇంట్లో చెయ్యని హోంవర్కు గుర్తొస్తుంది. సభ్యత్వం కౌంటరు దగ్గరికి ఎవరొచ్చినా మొదట అనే మాట, "రెండు జిరాక్సులు తెచ్చారా?" అలా ఆ పేరు పడింది. మేనేజరు కూడా అలాగే పిలిచేవాడు.

నేను ఆ కౌంటర్లో ఆయన పక్కన ఆరేళ్ళు కూర్చున్నాను. మొదటి నెలలో రోజూ ఇంటికెళ్ళి ఏడ్చేదాన్ని, రెండో నెల నుంచి ఆయన్ని వెక్కిరించడం మొదలుపెట్టాను. అప్పట్నుంచి బాగానే కలిసిపోయాం.

ఆయన కళ్ళలో దుమ్ము కొట్టడం ఎవరి వల్లా అయ్యేది కాదు. ఒకాయన తోడల్లుడి దుకాణం ఫోటోకి తన తల అతికించి తెచ్చాడు. మాస్టారు దాన్ని ట్యూబులైటు కేసి పెట్టి, "దుకాణం మీద ఎండ కుడివైపు నుంచి పడుతోంది, మీ ముక్కు మీద మాత్రం ఎడమవైపు నుంచి పడుతోంది. మీ ఇంటికి ఇద్దరు సూర్యులా?" అన్నారు. ఇంకోసారి ఒకావిడ అక్కగారి కార్డు పట్టుకొచ్చి, ఈ మధ్య ఒళ్ళు చేశానండీ, అందుకే మొహం మారింది అంది. "ఒళ్ళు చేస్తే పుట్టుమచ్చ ఆ చెంప నుంచి ఈ చెంపకు నడిచి రాదమ్మా" అని కార్డు తిరిగి ఇచ్చేశారు. ఆవిడ నవ్వలేక ఏడవలేక వెళ్ళిపోయింది.

నాకు నేర్పిన మొదటి పాఠం కూడా చెబుతాను. "ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఫారం వెనక్కి. బతిమాలితే వినకు, తిడితే వినకు. 'క్షమించాలి, అర్హత లేదు' అను, తర్వాతివారిని పిలువు." కారణం చెప్పక్కర్లేదా మాస్టారూ అని అడిగాను. "చెబుతూ కూర్చుంటే వరస కదలదమ్మాయ్" అన్నారు. నిజమే, మా వరస ఎప్పుడూ చకచకా కదిలేది.

ఆయన పదవీ విరమణ చేసిన రోజు దండ వేశాం, గోడ గడియారం ఇచ్చాం, మేనేజరు రెండు మాటలు మాట్లాడాడు. మాస్టారు స్టాఫ్ పాసు తీసి కౌంటరు మీద పెట్టి, దాని జిరాక్సు ఒకటి తీసుకుని వెళ్ళారు.

మర్నాడు పొద్దున్న పదింటికి సంచీ పట్టుకుని వచ్చారు. సబ్బులు అయిపోయాయట. గేటు దగ్గర మా కాపలా అతను ఉన్నాడు. ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడు కాబట్టి అందరం పహిల్వాన్ అంటాం. అతనికి పని నేర్పిందీ మాస్టారే. పహిల్వాన్ లేచి నిలబడి దణ్ణం పెట్టాడు, తర్వాత అలవాటు ప్రకారం చెయ్యి చాపాడు.

"మాస్టారూ... కార్డు?"

అన్నాక నాలిక కరుచుకున్నాడు గానీ, మాట బయటికి వచ్చేసింది. మాస్టారు అతని చేతికేసి చూసి, "బాగా చేశావు" అని భుజం తట్టి, ఖాళీ సంచీతో వెనక్కి తిరిగారు. నేను కౌంటరు అద్దంలోంచి చూస్తున్నాను. పంతొమ్మిదేళ్ళు తన ఇంటి గుమ్మంలా దాటిన గేటది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక మధ్యాహ్నం దాకా అందరి మీదా అరిచాను.

మేనేజరు ఫోన్ చేసి, గౌరవ పాసు ఇస్తాను రండి అన్నాడు. నిబంధనల పుస్తకంలో గౌరవ పాసు ఎన్నో పేజీలో ఉంది అని మాస్టారు అడిగారు. లేదు కాబట్టి మేనేజరు ఫోన్ పెట్టేశాడు. స్కూటర్ విడిభాగాలు అమ్మే బావమరిది ఒకడున్నాడు, "బావా, మా కొట్లో పనిచేస్తున్నావని రాసిస్తా, కొట్టు మనిషికి ఇచ్చే అదనపు కార్డు వస్తుంది" అన్నాడు. "నీ కొట్లో నేను పనిచెయ్యను కదా" అన్నారు మాస్టారు. "చెయ్యకపోతే ఏం, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు బావమరిది. "నేను చూస్తాను" అన్నారీయన.

ఇది పిన్నిగారే నాకు చెప్పారు, అంటే మాస్టారి భార్య. ఆవిడ నోటికి తాళం లేదు, అందుకే నాకు ప్రాణం. "ఇరవై ఏళ్ళపాటు ఊళ్ళోవాళ్ళని గేటు దాటనివ్వలేదు, ఇప్పుడు తనని కూడా దాటనివ్వకుండా గట్టి ఏర్పాటు చేసుకున్నారు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, ఆ తర్వాత గొంతు తగ్గించి, "సబ్బుల కోసం కాదే. పక్క వీధిలో దొరకవా సబ్బులు? ఆ గేట్లోంచి మళ్ళీ తలెత్తుకుని వెళ్తే గానీ ఈయనకు ముద్ద దిగేలా లేదు" అన్నారు.

మరి ఏం చేశారంటే, అర్హత సంపాదించారు. అరవయ్యో ఏట వ్యాపారం పెట్టారు!

ఇంటి ముందుగది వీధిలోకి తెరుచుకుంటుంది. అందులోని పాత సోఫా తీసేసి ఒక బల్ల, రెండు కుర్చీలు వేశారు. "ఇచ్చట దరఖాస్తులు నింపబడును" అని బోర్డు రాయించారు. లైసెన్సుకి తనే దరఖాస్తు నింపుకున్నారు. ఆ మొదటి బేరానికి పిన్నిగారు మిఠాయి పంచారు.

రెండు మూడు వారాలు ఈగలు తోలుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఎవరనుకున్నారు? మా కౌంటర్లో ఆయనే వెనక్కి పంపినవాళ్ళు. ఇస్త్రీ దుకాణం ఆవిడ, చెప్పులు కుట్టే అతను, ఐస్‌క్రీం బండి అన్నదమ్ములు. ఏ కాగితం లేదో, అది ఏ ఆఫీసులో ఏ కిటికీ దగ్గర దొరుకుతుందో, ఆ కిటికీ ఎప్పుడు తెరుస్తారో, తెరిచాక గుమాస్తా టీకి ఎప్పుడు వెళ్తాడో అన్నీ ఆయనకు కంఠతా. ఇస్త్రీ ఆవిడ నా దగ్గరికి వచ్చినప్పుడు, "ఇదే మనిషి నన్ను రెండుసార్లు తిప్పి పంపాడమ్మా. ఇప్పుడేమో నాతోపాటు ఆఫీసుకొచ్చి వరసలో నిలబడ్డాడు. ఏం మనిషో అర్థం కాడు" అంది. ఆవిడ ఫారం చూడగానే నాకు తెలిసిపోయింది. ఎడమ మూలన క్లిప్పు, రెండేసి జిరాక్సులు, ఒక్క కొట్టివేత లేదు. ఆ ఆర్నెల్లలో అలాంటి ఫారాలు చాలా వచ్చాయి, ఒక్కటీ వెనక్కి పోలేదు.

ఆరు నెలలు నిండిన మర్నాడు ఆయన స్వయంగా వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, పక్కన పిన్నిగారు. పక్కనుంచి లోపలికి రండి మాస్టారూ అంటే ససేమిరా అన్నారు. టోకెను తీసుకున్నారు. ముప్పై నాలుగో నంబరు. మా కౌంటరు ముందు కుర్చీలు లేవు. ముప్పావు గంట నిలబడ్డారు. మధ్యలో రెండుసార్లు తల వంచి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని అద్దంలోకి చూశారు. ఆ వైపు నుంచి చూస్తే అద్దం మీద లైట్లు పడి లోపలున్న మనిషి మొహం కనిపించదని తర్వాత నాతో అన్నారు. అన్నేళ్ళూ ఆయనకు అది తెలియదు.

నంబరు పిలిచాను. ఫైలు జరిపారు. లైసెన్సు ఉంది. ఆర్నెల్ల మీద ఒక రోజు దాటింది. ఫోటోలో బోర్డు కింద ఈయన కొయ్యబొమ్మలా నిలబడ్డారు, అక్షరాలన్నీ కనిపిస్తున్నాయి. రెండేసి జిరాక్సులు. నా ప్రాణం హాయిగా ఉంది. ఫారం ఆఖరి పేజీ తిప్పాను.

అడుగున రెండు గడులుంటాయి. ఎడమవైపు "దరఖాస్తుదారు సంతకం". కుడివైపు "తనిఖీ చేసినవారి సంతకం", అది మేం పెట్టాలి. ఎడమ గడి ఖాళీగా ఉంది. కుడి గడిలో మాస్టారి సంతకం ఉంది.

పంతొమ్మిదేళ్ళు వేల ఫారాల మీద పెట్టిన చోటే పెట్టేశారు. చెయ్యి తనంతట తానే అటు వెళ్ళిపోయి ఉంటుంది. ఇంట్లో పదిసార్లు సరిచూసుకుని ఉంటారు. కౌంటర్లో ఉన్నన్నాళ్ళూ ఆ గడిలో ఆ సంతకం లేకుండా ఏ ఫారమూ పక్కన పెట్టలేదు కాబట్టి తప్పని తోచి ఉండదు.

చూడనట్టు ఊరుకోనా? ఎడమ గడిలో ఇప్పుడే ఒక సంతకం పడేయండి అననా? కానీ కుడి గడిలో ఆయన సంతకం ఉన్న ఫారం చెల్లదు, తన ఫారం తనే తనిఖీ చేసుకున్నట్టు అవుతుంది. దాన్ని దాటేస్తే ఎప్పుడో ఒకప్పుడు ఆయనకే తెలుస్తుంది. అప్పుడు ఆ కార్డు ఆయన జేబులో ఉండదు, చెత్తబుట్టలో ఉంటుంది. వరసలో వెనక బేకరీ ఆయన, "ఏమ్మా, తెల్లారుతుందా?" అంటున్నాడు.

నేను ఫారం ఆయన వైపు తిప్పి, అద్దం కింది సందులోంచి జరిపాను. వేలితో గడి చూపించాను. అనేశాను.

"క్షమించాలి, అర్హత లేదు."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. పిన్నిగారు తొంగిచూసి, ఆయన మోచెయ్యి పట్టుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. అద్దం పుణ్యమా అని ఆయనకు కనిపించలేదేమో.

"సరిగ్గా చెప్పావు" అన్నారు చివరికి. "ఆ మాట నీకు నేనే నేర్పాను. ఇటువైపు నిలబడితే ఎలా వినపడుతుందో ఇన్నాళ్ళూ నాకే తెలియదు."

కొత్త ఫారం ఇచ్చాను. ఎక్కడ పెట్టుకుని రాయాలి? బల్ల లేదు. పిన్నిగారు వెనక్కి తిరిగి వీపు చూపించి, "కానివ్వండి, చక్కిలిగింత పెట్టకండి" అన్నారు. బేకరీ ఆయన కూడా నవ్వాడు. మాస్టారు ఆవిడ వీపు మీద ఫైలు పెట్టి నాలుగు పేజీలూ నింపారు. ఆఖరి పేజీలో పెన్ను కుడివైపుకి వెళ్ళింది, గాలిలో ఆగింది, ఎడమవైపుకి వచ్చింది. అంత చిన్న అక్షరాలతో ఆయన సంతకం పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. కుడి గడిలో నేను పెట్టాను. ఫోటో తీశాను, కార్డు ఇచ్చాను.

గేటు దగ్గర పహిల్వాన్ కార్డు చూడకుండానే తప్పుకోబోయాడు. మాస్టారు కార్డుని తన చెంప పక్కన పెట్టుకుని నిలబడ్డారు, అతను రెండు మొహాలూ సరిచూసేదాకా కదల్లేదు. అప్పుడు తలెత్తుకుని, వెంట ఒక్కరిని తీసుకుని లోపలికి వెళ్ళారు.

అరగంట తర్వాత బండి తోసుకుంటూ బయటికి వచ్చారు. తెల్లకాగితాల కట్టలు, క్లిప్పుల పెట్టె, పైన డజను సబ్బులు. సబ్బులు ఇంటికి కదా, వ్యాపారానికి కాదు కదా అని ఆయన లోపల పేచీ పెట్టారట. ఫారాలు నింపించుకునేవాళ్ళు చేతులు కడుక్కోరా అని పిన్నిగారు అడిగారట.

వెళ్తూ వెళ్తూ మళ్ళీ నా కౌంటరు దగ్గర ఆగారు. వరస పెద్దగానే ఉంది. అద్దం కింది సందు దగ్గరికి వంగారు.

"అమ్మాయ్, ఒక మాట. ఫారం వెనక్కి ఇచ్చేటప్పుడు ఎందుకిచ్చావో దాని మీద రాసివ్వు. నువ్వు వేలితో చూపించబట్టి నాకు తెలిసింది. చూపించకపోతే ఇంటికెళ్ళేదాకా ఆ అర్హత లేదన్న మాటొక్కటే మోసుకెళ్ళేవాణ్ణి. పంతొమ్మిదేళ్ళు ఎంతమందితో మోయించానో."

వరస కదలదు మాస్టారూ అన్నాను.

"కదలకపోతే కదలకపోయింది" అన్నారు.

ఆ సాయంత్రం ముగ్గురిని వెనక్కి పంపాను. ముగ్గురికీ రాసిచ్చాను. ఒకతను అక్కడే నిలబడి రెండుసార్లు చదువుకుని, ఇంతేనా అన్నాడు.