ఎదుర్కోళ్లలో మూత తీయని సీసాలు

ఏడో తరగతిలో నేను బడి మానేసిన రోజు పంతులు ఆపలేదు సరికదా, గేటు తీసి పట్టుకున్నాడు. ఇప్పుడు సూర్యాపేటలో కూల్ డ్రింకుల దుకాణం నడుపుతున్నా, ఇంట్లో నా మాటకు విలువ అంతే.

మేనకోడలి పెళ్లి మిర్యాలగూడలో. పెళ్లికొడుకుది కోదాడ. ఎదుర్కోళ్లలో మగపెళ్లివారికి పానకం ఇవ్వడం ఆచారం. ఈమధ్య కూల్ డ్రింకులు ఇస్తున్నాం. సీసాలు నా ట్రాలీ ఆటోలో గుంతల రోడ్డు మీద ఎగిరెగిరి, సరిగ్గా పెళ్లికొడుకు కారు దిగే వేళకు చేరాయి. అక్క భయమల్లా ఒకటే: మర్యాదలో లోటొస్తే ఆ మాట పిల్ల అత్తింట్లో ఏళ్ల తరబడి పడాలి.

"మూతలు తియ్ రా, నిలబడి సూస్తున్నరు," అంది.

"తియ్య. జరసేపు ఆగనియ్."

పెళ్లికొడుకు బాబాయి ముందుకొచ్చాడు. "ఏంటి తమ్ముడూ, సీసాలు చూసి పోవడానికా మేమొచ్చింది?"

"మీ పిల్లగాన్ని మేము నెలల తరబడి సూసినం అన్నా. మీరు సీసను జరసేపు సూడలేరా?"

ఆయన నవ్వలేదు. ఒక సీసా లాక్కుని, అందరూ చేసినట్టే మూత మీద వేలితో టకటకా కొట్టాడు.

"కొడితే అది భయపడదన్నా," అన్నాను. తీసేశాడు. నురగంతా పట్టు చొక్కా మీదికొచ్చింది. బ్యాండు ఆగిపోయింది.

"మాఫీ అడుగు," అన్నాడు బావ నా చెవిలో.

"నేనెందుకడుగుత? వద్దన్న గద," అని అందరికీ వినబడేలా అని, పెట్టెల మీద కూర్చున్నాను. "ఊపితే గ్యాసు సన్న బుడగలై లోపలంతా కలుస్తది. మూత తియ్యంగనే నీళ్లల్ల కరిగున్న గ్యాసంత ఆ బుడగలల్ల దూరి, అవి ఉబ్బి, నీళ్లను ఎగదన్నుకుంట బయటికొస్తయ్. ఆగితే బుడగలు పైకి తేలి పోతయ్. ఇంకో సీస ముట్టాల్నంటే నన్ను లేపి ముట్టుండ్రి."

లేపడానికి ఎవరూ రాలేదు. చివరికి పెళ్లికొడుకే నన్నడిగాడు: "ఎంతసేపు బాబాయ్?"

"ఫొటోలు దిగేంత సేపు."

"అయితే ఫొటోలే దిగుదాం."

దిగారు. చొక్కా తడిసినాయన భుజాన కండువా కప్పుకుని మరీ నిలబడ్డాడు. తర్వాత నేనే మొదటి మూత తీశాను. చిన్నగా బుస్సుమంది, అంతే. పెళ్లికొడుకు తాగాడు. అతని బాబాయి రెండు తాగాడు. బ్యాండు మళ్లీ మొదలైంది.

వాళ్లు విడిదికి వెళ్లాక అక్క నన్ను పక్కకు పిలిచింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"సీసలకైతే నిమ్మలపడ టైమిచ్చినవ్," అంది. "నీ నోటికెప్పుడిస్తవ్ రా?"