కత్తెర ముట్టకూడని మాత్ర

మా కుట్టు షాపులో కోతబల్ల మీద ఫ్యాను ఉండదు. మిషన్ల దగ్గర కూర్చునే మాకు గాలి, బల్ల దగ్గర నిలబడి గుడ్డ కోసే మనిషికి ఉక్క. గాలికి గుడ్డ లేస్తే గీత తప్పుతుంది, గీత తప్పితే కోటు తప్పుతుంది. ఈ చట్టం చేసింది యజమాని కాదు, ఆ గుడ్డ కోసే మా కత్తెరక్కే. చేరిన కొత్తలోనే పట్టుబట్టి ఆ ఫ్యాను ఊడదీయించింది. యాభై దాటాక ఆ చట్టమే ఆమె ప్రాణం మీదికొచ్చింది.

నా మిషను ఆ బల్ల పక్కనే కాబట్టి చూసింది చెబుతున్నాను, జాలిపడమని కాదు. జాలి చూపిస్తే కత్తెరక్క ఒంటికాలి మీద లేస్తుంది.

నెలసరి ఆగిపోయిన ఏడాది ఆమెకు ఛాతీలోంచి చెవుల దాకా సెగలు ఎగదన్నడం మొదలైంది. ఉన్నట్టుండి మొహం ఎర్రబడేది, మెడ మీదినుంచి చెమట కారిపోయేది. నిద్ర లేదు. దారం తెగినా మామీద విరుచుకుపడేది, ఆ వెంటనే గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకునేది. ఏమైందని అడిగితే "ఇస్త్రీపెట్టె వేడి" అనేది. ఇస్త్రీపెట్టె అవతలి గదిలో ఉంది.

ఒకనాడు లేత రంగు పట్టు లైనింగు కోస్తుండగా గడ్డం మీది చెమటచుక్క దాని మీద పడింది. ఆ పట్టు మీద నీటిమరక పోదు. యజమాని అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఇంకో ముక్క పాడైతే అంచులు కుట్టే బెంచీకి మారాలి, అక్కా. ఖరీదైన గుడ్డ, నేనేం చేయను?"

చూపు ఆనని కోతగాళ్ళు చివరికి చేరేది ఆ బెంచీకే. పాత కోతగాడొకడు అక్కడ కొన్నాళ్ళు కూర్చుని, చివరికి పని మానేసి ఇంటికెళ్ళిపోవడం ఆమె చూసింది. ఆ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

కొన్నేళ్ళ కిందట రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీయించుకున్న మనిషి కాబట్టి హార్మోను మాత్రలు ఆమెకు పనికిరావన్నారు. వాటి బదులు డాక్టరమ్మ వేరే మందు రాసింది. దిగులుకు వాడే మందే; తక్కువ మోతాదులో ఈ సెగలనూ, చిరాకునూ తగ్గిస్తుందని చెప్పింది. కత్తెరక్క తల ఊపి వచ్చేసింది. ఆ మందు దేనికని మందుల షాపువాణ్ణి అడిగింది మాత్రం ఆమె భర్త. స్కూలు బస్సు నడుపుతాడు, మంచివాడే, విన్నది వెంటనే కక్కేస్తాడు.

"ఇది పిచ్చోళ్ళ మందంటనే!"

మానేద్దామంటే బల్ల పోతుంది, వేసుకుందామంటే పిచ్చిదని పేరొస్తుంది. కత్తెరక్క తనకు తెలిసిన దారి తొక్కింది. ఎక్కువైనదాన్ని కత్తిరించడమేగా ఆమె పని! మాత్రను దారాలు తెంపే చిన్న కత్తెరతో రెండు ముక్కలు చేసి, రోజూ పొద్దున ఒక ముక్క మింగింది.

"సగమే కదయ్యా, పిచ్చి కూడా సగమేలే" అందట మొగుడితో.

తర్వాత షాపులో పొద్దునపూట కడుపులో తిప్పడం, తల తిరగడం. సాయంత్రానికి మళ్ళీ సెగలు. ఒకరోజు సుద్దతో గీసిన గీత పాములా వంకరపోయింది. ఆమె దాన్ని చూసి కత్తెర కింద పెట్టి, బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది. అప్పటిదాకా ఆమె బల్లను ఆసరాగా పట్టుకోవడం నేను చూడలేదు. నాకు భయమేసింది. యజమాని నన్ను తోడిచ్చి డాక్టరమ్మ దగ్గరికి పంపాడు.

డాక్టరమ్మ అన్నీ విని, "మాత్ర ఎలా వేసుకుంటున్నారు?" అంది.

"కత్తిరించి."

"ఎవరు చెప్పారమ్మా? అది రోజంతా కొద్దికొద్దిగా కరిగే మాత్ర. కోస్తే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగిపోతుంది. సాయంత్రానికి ఏమీ మిగలదు."

"అంటే కుట్టు విప్పేశానన్నమాట."

"అనుకోండి. మొత్తంగా మింగండి. వద్దనిపిస్తే నాతో చెప్పండి, మెల్లగా తగ్గిద్దాం. చటుక్కున మానేస్తే మళ్ళీ తల తిరుగుతుంది. ఇది పడకపోతే నరాల నొప్పికి వాడే మందొకటుంది, నిద్రకీ సాయపడుతుంది. దారి ఒక్కటే కాదు."

"మా ఆయన పిచ్చి మందంటున్నాడు."

"ఆయన్ని నా దగ్గరికి తీసుకురండి."

తీసుకెళ్ళింది. ఆయన లోపలికి ఎలా వెళ్ళాడో తెలియదు గాని, కుక్కిన పేనులా బయటికొచ్చాడట. అప్పటినుంచి రోజూ మాత్ర, మంచినీళ్ళు ఆయనే అందిస్తున్నాడు.

కొన్ని వారాలకు సెగలు తగ్గాయి. పోలేదు, తగ్గాయి. నిద్ర పట్టింది, మామీద అరుపులు కూడా పాత లెక్కకు వచ్చాయి. యజమాని మళ్ళీ లేత పట్టు తెచ్చి బల్ల మీద పరిచి, అక్కడే నిలబడ్డాడు. ఇది పరీక్షని అందరికీ తెలుసు. మిషన్లు ఆగాయి.

సగం కోతలో ఆమె మెడ ఎర్రబడింది. ఇదివరకైతే పళ్ళు బిగబట్టి కోసేది. ఇప్పుడు కత్తెర ఆపి, రెండడుగులు వెనక్కి వేసింది.

"సెగ వస్తోంది. ఆగండి, పోతుంది" అంది, అందరికీ వినబడేలా.

యజమాని కంగారుగా నా పక్కనున్న ఫ్యాను బల్లవైపు తిప్పబోయాడు.

"దాన్ని ముట్టావంటే చెయ్యి విరుగుతుంది! గుడ్డ లేవదూ?"

మొహం తుడుచుకుంది, చేతులు ఆరబెట్టుకుంది, ముందుకొచ్చి మిగతాది కోసింది. పట్టు మీద ఒక్క చుక్క పడలేదు. యజమాని ముక్కలు మడుస్తూ గొంతు బాగా తగ్గించాడు.

"అక్కా, ఆ మాత్ర పేరేంటి? మా ఆవిడ... ఏడాదిగా నిద్ర పట్టట్లేదంటోంది. నేను ఉత్త గొణుగుడనుకున్నాను."

కత్తెరక్క ఆయన్ని కాసేపు చూసింది. అంతసేపు ఆమె ఏ మనిషినీ చూడదు, గుడ్డనే చూస్తుంది.

"పేరు చెప్పను. ఆవిణ్ణి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళు. నా కొలతతో కోసిన కోటు ఆవిడకి పడుతుందా?" అంది. "నువ్వూ లోపలికెళ్ళి కూర్చో. బయట బెంచీ మీద కాదు."