జక్రయ్య ఇంటి వాక్యం

కపిల అంటే బావిలోంచి ఎడ్లచేత నీళ్ళు లాగించే తోలు సంచి. పర్చూరు చుట్టుపక్కల మిరప తోటలు ఒకప్పుడు దాని మీదే బతికాయి. మంచి కపిల కుట్టాలంటే గేదె తోలును తంగేడు చెక్క వేసిన నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టాలి. తొందరపడి కోస్తే కుట్టు దగ్గర చిరిగి, సంచి గట్టుకు వచ్చేలోపు నీళ్ళు కారిపోతాయి. జక్రయ్య కుట్టిన కపిలకు వంక పెట్టిన రైతు ఆ ఊళ్ళో లేడు. ఆలస్యం చేస్తాడని మాత్రం అందరూ తిట్టేవాళ్ళు.

“ఏరా జక్రయ్యా, నా కపిల ఈ జన్మలో ఇస్తావంట్రా?” అని పానకాలు అనే రైతు వీధిలో నిలబడి అరిచేవాడు. “అవతల నారు వాడిపోతోంది.”

“తోలు ఇంకా నానలేదండీ.”

“వారం నుంచీ అదే మాట! నానేది తోలా, నువ్వా?”

జక్రయ్య తోలు నానే తొట్టి పక్కన గొంతుక్కూర్చుని, తోలు అంచును రెండు వేళ్ళతో మడిచి చూసి, మళ్ళీ నీళ్ళలోకి వదిలేవాడు.

1952లో పత్తి తీతల రోజుల్లో అతని భార్య మార్తమ్మ జ్వరంతో పోయింది. ఆమెకు చదువు వచ్చు. రోజూ దీపాలవేళ కూతురు దీనమ్మ చేత పరిశుద్ధ గ్రంథంలోంచి ఒక వాక్యం వల్లె వేయించి, అది తప్పు లేకుండా అప్పజెప్పాకే కంచంలో అన్నం పెట్టేది. పోయేముందు జక్రయ్య చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది.

“పిల్లను దేవుడి భయంలో పెంచు.”

అతను సరేనన్నాడు. కానీ ఎలా పెంచాలో అతనికి తెలియదు. అక్షరం ముక్క రాదు. ఆదివారం గుడిలో విన్నది సోమవారానికి మిగిలేది కాదు. మార్తమ్మ చేయగా తన కళ్ళతో చూసింది ఒక్కటే: ముందు వాక్యం, తర్వాత అన్నం. తండ్రి నేర్పిన కుట్టును మార్చకుండా కుట్టినట్టే, దాన్నీ మార్చకుండా పట్టుకున్నాడు. అన్నం తనే వండేవాడు. కుండ మీద మూత పెట్టి, కూతురికి ఎదురుగా కూర్చునేవాడు. ఎనిమిదేళ్ళ పిల్ల గ్రంథాన్ని దీపం దగ్గరకు జరుపుకుని, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివేది. వల్లె వేసేది. వాక్యం వచ్చాక మూత తీసేవాడు.

పక్కింట్లో అతని అక్క మాణిక్యమ్మ ఉండేది.

“ఒరేయ్, ముందు దాని నోట్లో ముద్ద పెట్టరా. వాక్యం ఎక్కడికీ పోదు,” అనేది గోడ మీంచి.

“మార్త ఇట్టాగే చేసింది అక్కా.”

“మార్తకి చదువొచ్చు. పిల్ల తడబడితే అందించేది. నువ్వేం అందిస్తావురా, గరిటా?”

మళ్ళీ పెళ్ళి చేసుకోమని ఆమె రెండు సంబంధాలు తెచ్చింది. అతను తొట్టి దగ్గర నుంచి లేవలేదు. వీధిలో అందరి ఇళ్ళలోనూ మనుషుల మాటలు వినిపించేవి. ఆ ఇంట్లో వినిపించేది పొద్దుగూకాక పిల్ల వాక్యం ఒక్కటే.

మరుసటి ఏడు వానల్లో ముసురు పట్టింది. దీనమ్మకు ఆ రోజుల్లో వరసలో వచ్చిన పుట నిండా ఎవరికి ఎవరు పుట్టారో పేర్లే. ఎన్నిసార్లు చదివినా పిల్లకు నోరు తిరగలేదు. మొదటి సాయంత్రం మూత తీయకుండానే ఇద్దరూ పడుకున్నారు. రెండో సాయంత్రమూ అంతే. పగలు మాణిక్యమ్మ పెట్టిన సంకటి పిల్ల తింది. జక్రయ్య అదీ ముట్టలేదు. పిల్ల తినని ఇంట్లో తనెలా తింటాడు?

మూడో సాయంత్రం దీనమ్మ గ్రంథం తెరిచి, చాలాసేపు చూసి, మూసి, తల ఎత్తి తడబాటు లేకుండా చెప్పింది.

“నానని తోలును ప్రభువు కోయడు. ఆయన దానిని నీళ్ళలో ఉంచి, అది మెత్తబడువరకు దానియొద్ద కూర్చుండును.”

జక్రయ్య చెయ్యి మూత మీద ఆగిపోయింది.

“తోలు సంగతి కూడా రాశారా అందులో?”

“ఆఁ.”

“మళ్ళీ చెప్పమ్మా.”

చెప్పింది. అతను మూత తీశాడు. ఆ పూట రెండుసార్లు వడ్డించుకున్నాడు.

అప్పటి నుంచి ఆ వాక్యం అతనిదైపోయింది. అంత పెద్ద గ్రంథంలో తన పని ఉంది, తన తొట్టి ఉంది, పక్కన కూర్చునే మనిషి కూడా ఉన్నాడు. మార్తమ్మ పోయాక తను ఎందుకు మిగిలాడో తెలియక తిరిగిన మనిషికి అది చాలింది. పానకాలు అరిచినప్పుడు మనసులో అదే అనుకునేవాడు. పొద్దున్నే తోలు తిరగేస్తూ పైకే అనేవాడు. దీనమ్మ వింటే తల దించుకుని అవతలికి వెళ్ళిపోయేది. సిగ్గేమో అనుకున్నాడు.

ఊరి బడిలో ఐదో తరగతి అయ్యాక ప్రార్థన నడిపే జయరావు మాస్టారు పిల్లను ఒంగోలులో ఆడపిల్లల బోర్డింగు బడికి పంపమన్నాడు. జక్రయ్య చూద్దామన్నాడు. ఒక ఏడు గడిచింది. పిల్ల వెళ్తే వాక్యం చెప్పేవాళ్ళెవరు, మార్తకిచ్చిన మాట ఏమవుతుంది అని పైకి అనేవాడు. ఇల్లు ఎలా ఉంటుందో తలుచుకుంటే అతనికి భయం వేసేది. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

1957లో కోత పండుగనాడు గుడి నిండా జనం. ఎవరి పంటలో తొలి భాగం వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెట్టారు. బుట్టలకొద్దీ ఎండు మిరపకాయల ఘాటుకు ప్రార్థన మధ్యలో సగంమంది తుమ్ముతున్నారు. దేవుడి మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండి అన్నాడు మాస్టారు. ఎప్పుడూ లేవని జక్రయ్య లేచాడు.

“నా భార్య పోయాక నన్ను నిలబెట్టింది ఒక్క వాక్యమండీ,” అని ఆ మాటలు అక్షరం పొల్లు పోకుండా చెప్పాడు.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు.

“ఎక్కడుంది జక్రయ్యా ఇది?”

“గ్రంథంలోనండీ.”

“నలభై ఏళ్ళుగా చదువుతున్నాను. ఇట్లాంటి మాట గ్రంథంలో లేదు.”

జక్రయ్య ఆడవాళ్ళ వైపు చూశాడు. దీనమ్మ మోకాళ్ళలో తల పెట్టుకుని ఉంది. అప్పుడు అతనికి అంతా తెలిసింది.

“నేనే తప్పు విన్నట్టున్నానండీ,” అన్నాడు. “చదువు రాని మొద్దును. పిల్ల సరిగ్గానే చెప్పి ఉంటుంది.”

అని కూర్చున్నాడు.

ఇంటికి వెళ్ళే దారిలో పత్తి చేల మధ్య ఇద్దరే నడిచారు. చాలా దూరం వెళ్ళాక దీనమ్మ ఆగిపోయింది.

“కొట్టు నాయనా.”

“ఎన్ని అబద్ధాలమ్మా?”

“అదొక్కటే. మిగతావన్నీ ఉన్నవే.”

“ఎందుకు చెప్పావు?”

“నువ్వు రెండు రోజులు తినలేదు.” పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. “నాకు ఆ పేర్లు రావట్లేదు. నువ్వేమో కుండ ముందు కూర్చుని ఉన్నావు. నువ్వు తొట్టి దగ్గర కూర్చునేది గుర్తొచ్చి, అదే చెప్పాను.”

జక్రయ్య ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. దేవుడి భయంలో పెంచమంది మార్త. పిల్ల దేవుడి పేరుతో అబద్ధం ఆడేదాకా తెచ్చింది తనే. తినే అన్నాన్ని అడ్డం పెట్టింది తనే. తొట్టి దగ్గర చూపిన ఓపికలో పిసరంత కుండ దగ్గర చూపలేదు. ఇంటికి చేరేలోపు నిర్ణయించుకున్నాడు. నేర్పడం చేతనైనవాళ్ళ దగ్గరే పిల్ల ఉండాలి.

“నేను ఒంగోలు వెళ్ళను,” అంది దీనమ్మ. “నీకు ఎవరు చెబుతారు?”

“నా సంగతి నేను చూసుకుంటాలే.”

బళ్ళు తెరిచే నాటికి ఆమెకు కొత్త చెప్పుల జత కుట్టాడు. పెరిగే పాదమని వేలెడు వదులుగా కుట్టాడు. ఒంగోలు బస్సు ఎక్కించి, దుమ్ము అణిగేదాకా రోడ్డు మీదే ఉండి, ఇంటికి వచ్చి అన్నం వండాడు.

దీపం పెట్టి కుండ ముందు కూర్చున్నాడు. వాక్యం చెప్పేవాళ్ళు లేరు. అయినా మార్త పెట్టిన పద్ధతి అది. గుడిలో విన్నవి ఒక్కొక్కటే గుర్తు చేసుకోబోయాడు. మొదటి రెండు మాటలు వచ్చేవి, తర్వాతివి జారిపోయేవి. మూత తీయలేదు. మర్నాడు సాయంత్రమూ అంతే. గోడ అవతల మాణిక్యమ్మ అంట్లు తోముకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆకలి వేస్తుంటే, తొమ్మిదేళ్ళ పిల్ల ఇలాగే ఇక్కడే కూర్చుందని అతనికి మొదటిసారి తెలిసింది.

మూడోనాడు, గ్రంథంలో లేదని ఊరంతా తేల్చిన ఆ రెండు ముక్కలు పైకి చెప్పి, అన్నం తిన్నాడు.

ఆ ఏడే పానకాలు నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను తెచ్చాడు. కపిలలు అడిగేవాళ్ళు తగ్గారు. తొట్టి చాలా రోజులు ఖాళీగా ఉండేది. అయినా అలవాటుగా పొద్దున్నే వెళ్ళి దాని పక్కన కూర్చునేవాడు.

క్రిస్మసు సెలవులకు దీనమ్మ వచ్చింది. కొంచెం పొడుగైంది. చెప్పులు సరిపోయాయి. దీపాలవేళ కాళ్ళు కడుక్కుని వచ్చి, గ్రంథం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఆ పేర్ల పుట మొత్తం వచ్చు నాయనా ఇప్పుడు. చెప్పనా?”

అప్పటికే అతను కుండ మూత తీసి, కంచంలో అన్నం పెట్టి ఆమె ముందుకు జరిపాడు.

“ముందు తినమ్మా,” అన్నాడు. “తిన్నాక చెబుదువుగాని. కూర్చుని వింటాను.”