పన్నెండో చెయ్యి

ద్వాదశి పొద్దున భజన మందిరంలో వంట నా కైంకర్యం. ముందురోజు ఏకాదశి ఉపవాసం ఉన్న పెద్దలు స్వామికి నైవేద్యం అయ్యాకే పారణ చేసి ఉపవాసం విడుస్తారు. దానికి గడియ ఉంటుంది. నేను చెప్పే రోజున అది పదకొండుకే దాటిపోతుంది. తలస్నానం చేసి తడి చీరతోనే పొయ్యి వెలిగిస్తాను. నైవేద్యం అయ్యేదాకా ఎవరినీ తాకను. రాజపాళయానికి కోడలిగా వచ్చినప్పుడు మా అత్తగారు నేర్పిన మడి ఇది.

ఆ రోజే మా అన్న కూతురు తన వాద్యాన్ని తెచ్చింది. కోయంబత్తూరులో శబ్దకళ చదువుతోంది. వాద్యమంటే తీగలు లేవు, తోలు లేదు. రెండు రాగి రేకులు, వాటి నుంచి లాప్‌టాప్‌కు వైర్లు, స్పీకర్లు. రేకులను ఎదురెదురు స్తంభాలకు బిగించింది. ఈ రేకు మీద ఒకరు, ఆ రేకు మీద ఒకరు చెయ్యి ఆనించి, మధ్యలో అందరూ చేతులు పట్టుకుంటే ఒంట్లోంచి సన్నటి కరెంటు పారి స్వరం పుడుతుంది. బిగించి పట్టుకుంటే పైకి పోతుంది. ఒక్క చెయ్యి విడిపోయినా నిశ్శబ్దం.

మా భజన గోష్ఠి ఆడవాళ్ల కోసమే చేశానంది. పదిన్నరకు ఆమె టీచర్లు ఫోన్లో చూస్తారు. వాళ్లు ఒకసారి తిప్పిపంపిన ప్రాజెక్టు. ఈసారీ మోగకపోతే ఆమె చదువులో ఏడాది పోతుంది.

సేత్తూరు నుంచి రావలసిన ఆవిడ బస్సు రాలేదు. మగవాళ్లు వరండాలో పారాయణంలో ఉన్నారు, మధ్యలో లేవరు. పదకొండు మంది చేతులు చాచారు. స్తంభం దగ్గర ఒక మనిషి ఖాళీ మిగిలింది.

"ఇంకొంచెం లాగండి మా," అంది మేనకోడలు.

"ఇంకా లాగితే బుజం ఊడొస్తాది. దాన్నీ స్తంభానికి బిగిస్తావా?" అంది ఆ చివరనున్నావిడ.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. వంటింటి గడపలో ఉన్న నావైపు చూసి, "అత్తా, బస్సు వచ్చిందా చూడవా," అంది. నన్ను రమ్మని మాత్రం అడగలేదు. నా మడి తెలిసిన పిల్ల.

స్వామి సేవకన్నా భాగవతుల సేవ గొప్పదని వింటూ పెరిగాను. చేతులు చాచిన ఈ ఆడవాళ్లు భాగవతులే, కానీ వరండాలో ఆకలితో ఉన్నవాళ్లూ భాగవతులే. ఎటు చూసినా శాస్త్రమే. అందులో నాకు చెప్పింది ఏదో తెలియలేదు.

టీచర్ల ఫోన్ మోగింది. నేను వెళ్లి ఒక చెయ్యి రేకు మీద పెట్టి, రెండోది పక్కావిడకు ఇచ్చాను.

పంపుసెట్టు వేసినట్టు స్పీకర్లు గుర్రుమన్నాయి. భయపడి ఇద్దరు చేతులు వదిలేశారు. నిశ్శబ్దం.

"విడవద్దండి! అత్త చెయ్యి తడిగా ఉండాది, అందుకే," అని మేనకోడలు ఏదో తగ్గించింది. మళ్లీ పట్టుకున్నాం. ఈసారి మెత్తగా మొదలై, మా పట్టు బిగిసిన కొద్దీ స్వరం లేచింది. బిగించండి, వదలండి, మళ్లీ అని టీచర్లు అడుగుతూనే ఉన్నారు. నా వెనక పొంగలి అడుగంటుతున్న వాసన వస్తోంది. కదల్లేదు.

ఫోన్ పెట్టేసరికి పదీ ముక్కాలు, ఇంక పావుగంటే ఉంది. మళ్లీ స్నానం, మళ్లీ ఎసరు. పదకొండులోపు అయ్యే పని కాదు.

గోడకు ఆనుకుని కూర్చున్న ముసలావిడ అంది: "తీర్థం ఇయ్యండి. పురాణంలో రాజు నీళ్లు తాగి పారణ చెయ్యలేదా?"

"ఆ రాజు మీద మునికి కోపం వచ్చినాది గదా అవ్వా," అంది ఇంకొకావిడ.

"ఇక్కడ ముని ఎవరుండారే? అంతా ఆకలోళ్లే!"

ఒకరున్నారు. మాకు పారాయణం చెప్పే పెద్దాయన. తీర్థం తీసుకుని, ఉత్తరీయం మడిచి, "పాప పాసయితే సరిపోయినాదా మా?" అని నన్ను మెల్లగా అడిగి, భోజనానికి ఆగకుండా తన ఊరు తళవాయిపురం బస్సుకు వెళ్లిపోయారు.

నేను స్నానం చేసి వండాను. మిగతావాళ్లంతా తిన్నారు. తర్వాతి ద్వాదశి పారాయణానికి ఆయన రాలేదు.

ఆ సాయంత్రమే మేనకోడలు ఫోన్ చేసింది. పాసయింది. సంతోషమన్నాను, నిజంగానే. మర్నాడు పొద్దున్నే తళవాయిపురం బస్సెక్కాను. తప్పు చేశానని ఆయనతో చెప్పలేను. చెయ్యలేదని ఆయన ఎదుట నిలబడి అనలేను. కాళ్ల మీద పడాలని మాత్రం తెలుసు.