జూలై ఒకటి పిల్లలు

ఆ ఏడాది హాస్టల్లో పదో తరగతి చదివిన పదకొండు మందిదీ ఒకటే పుట్టినరోజు. జూలై ఒకటి.

అందులో వింతేమీ లేదు. అడవి ఊళ్ళ నుంచి పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లులను హాస్టల్ నడిపే గురూజీ హిందీలో అడిగేవాడు, ఎప్పుడు పుట్టాడని. ఇప్పపువ్వు రాలే రోజుల్లో అని ఒక తల్లి చెప్పేది. వాగు పొంగి వంతెన కొట్టుకుపోయిన ఏడు అని ఇంకో తల్లి చెప్పేది. అవేవీ రిజిస్టరు గడిలో పట్టేవి కావు. అప్పట్లో బడి తెరిచేది జూలై ఒకటిన కాబట్టి గురూజీ అందరికీ అదే తేదీ రాసి, ఎత్తు చూసి సంవత్సరం వేసేవాడు.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. సతీష్ ఒక గ్రూపు తెరిచి, దానికి 'జూలై ఒకటి పిల్లలు' అని పేరు పెట్టాడు. సతీష్ జగదల్‌పూర్-బీజాపూర్ బస్సులో కండక్టరు. మిగతావాళ్ళలో ఒకడు గనుల టౌన్‌షిప్‌లో వంటమనిషి, ఇద్దరు ఆడపిల్లలు పెళ్ళి చేసుకుని తెలంగాణ వైపు వెళ్ళిపోయారు. సుమిత్ర బీఎస్సీ చదివి జగదల్‌పూర్ ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ అయింది. అడవిలోకి, తర్రెం అవతలి సొంతూరికి తిరిగి వెళ్ళినవాడు హడ్మా ఒక్కడే.

అందుకే అందరికీ ఊళ్ళతో ఉన్న సంబంధం హడ్మా ద్వారానే. మా ఇంటి వెనక చింతచెట్టు ఇంకా ఉందా అని ఒకరు అడిగేవారు. మా వాగు మలుపులో రాయి మునిగిందా అని ఇంకొకరు అడిగేవారు. హడ్మా నడిచి వెళ్ళి చూసి, ఫొటో తీసి, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి పంపేవాడు. అతనికి నడక కష్టమని ఎవరూ అనుకోలేదు. అనుకునే అవకాశం అతను ఇవ్వలేదు.

ఏడాదంతా మూగగా ఉండే గ్రూపు జూలై ఒకటిన మాత్రం సంతలా గోలగోలగా ఉండేది. తలా ఒక జ్ఞాపకం చెప్పాలని సతీష్ పెట్టిన నియమం. తన వంతు వచ్చినప్పుడల్లా అతను ఒకే కథ చెప్పేవాడు.

"హడ్మాగాడు వాగుల దిగడు గదా, ఒడ్డు మీద మన బట్టలకు కావలి ఉంటడు గదా. పదో తరగతిల పుట్టినరోజని నలుగురం కాళ్ళు చేతులు పట్టుకొని ఊపి ఊపి ఏసినం. మూడు రోజులు మంచం దిగలే దొర! మోకాళ్ళు పట్టుకొని ఒకటే ఏడుపు. పొలం నాట్లకు పోవాల్సొస్తదని ఏం నాటకం ఆడిండురా బాబూ!"

హాస్టల్ పొలంలో నాట్లు వేయడం పిల్లల పనే. అందరూ నవ్వే బొమ్మలు పెట్టేవారు. కొంతసేపటికి గుట్ట మీది నుంచి హడ్మా కూడా ఒక నవ్వే బొమ్మ పెట్టేవాడు.

సతీష్ చెప్పే కథలో సుమిత్ర పేరు ఉండేది కాదు. కానీ ఆ రోజు మందుల డబ్బా బాధ్యత ఆమెదే. సైన్సులో ఆమెకే ఎక్కువ మార్కులు వస్తాయని గురూజీ థర్మామీటరు ఆమె చేతికిచ్చాడు. ఆమె హడ్మా చంకలో పెట్టి, సరిగ్గా రెండు నిమిషాలు లెక్కపెట్టి, తీసి చూసింది. "జ్వరం లేదు గురూజీ. నాటకం." పదహారేళ్ళ పిల్ల ఎంత నమ్మకంగా చెప్పిందంటే, గురూజీ హడ్మాను నాలుగో రోజు పొద్దున్నే నాట్లకు పంపాడు.

నాటకాలరాయుడన్న పేరు హడ్మాను వదల్లేదు. ఊళ్ళో కూడా చలికాలం వస్తే అతను నెగడు దగ్గర నుంచి లేచేవాడు కాదు. పొలంలో సగం పనికే కూలబడేవాడు. కూర్చుని చేసే పని కావాలని వెదురుబుట్టలు అల్లడం నేర్చుకున్నాడు. బుట్టలు చక్కగా ఉండేవి, కానీ పనిదొంగకు పిల్లనివ్వమని రెండు సంబంధాలు వెనక్కిపోయాయి. తల్లి చనిపోయాక అక్క గంగే దగ్గరే ఉండిపోయాడు.

సుమిత్రకు అనుమానం వచ్చింది తన కూతురు పుట్టాక. ఆస్పత్రిలో పుట్టిన ప్రతి బిడ్డకూ సికిల్ సెల్ పరీక్ష చేస్తారు. ఇది తల్లిదండ్రుల రక్తం నుంచి బిడ్డకు వచ్చే జబ్బు. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. ఒకరి నుంచి మాత్రమే వస్తే మోసుకు తిరగడమే, బాధ ఉండదు. పాపకు ఒకరి నుంచే వచ్చింది. భయం లేదని సుమిత్రకు తెలుసు. తెలిసినా స్నానం చేయించిన ప్రతిసారీ పాప వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి, వాపుందేమోనని చూసేది. ఒక పొద్దున అలా చిటికెనవేలు నొక్కుతుండగా హడ్మా మోకాళ్ళు గుర్తొచ్చాయి. చల్లటి నీళ్ళు, ఎముకల నొప్పి, జ్వరం లేకపోవడం. ఆమె చేతిలో పాప వణుకుతున్నా తువ్వాలు చుట్టడం మరిచిపోయింది.

ఎన్నోసార్లు ఫోన్ చేసి బతిమాలితే హడ్మా జనవరిలో ఆస్పత్రికి వచ్చాడు. సతీష్ బస్సులోనే వచ్చాడు. పాప కోసం చిన్న వెదురు గిలక్కాయ తెచ్చాడు.

"ఏందే సుమిత్రా, గింత సదివి సూదులు గుచ్చుడే నేర్చుకున్నవా?"

"నోరు మూసుకొని చెయ్యియ్యి. నొప్పి ఎప్పుడెప్పుడొస్తదిరా?"

"చలికి. తడిస్తే. దూరం నడిస్తే. ఎముక లోపల ఎవడో సుత్తెతో కొడుతున్నట్టుంటది. అలవాటైందిలే."

చుక్క రక్తాన్ని మందునీళ్ళ గొట్టంలో వేసి, వెనక నల్లగీతల కార్డు పెట్టింది. గీతలు కనిపిస్తే ఏమీ లేనట్టు. గొట్టం పాలలా మసకబారింది. గీతలు ఒక్కటీ కనిపించలేదు. ఆమె గొట్టాన్ని కిటికీ వెలుగుకు తిప్పి చూసింది, ఇంకోసారి చేసింది. మర్నాటి పెద్ద పరీక్షలో అతనికి అది తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వచ్చిందని తేలింది.

"నీ రక్తంల కణాలు కొడవలి తీరు వంగిపోతున్నయిరా. సన్న నరాల్ల ఇరుక్కుంటయి. నెత్తురు ఆడదు. అందుకే నొప్పి. పుట్టుకతోనే ఉంది నీకు."

హడ్మా తన వేలి మీది సూది గుర్తు చూసుకున్నాడు. తర్వాత అడిగాడు.

"దీనికి జ్వరం రాదా?"

"రాకపోవచ్చు."

"అంటే ఆ రోజు నేను నాటకమాడలే."

సుమిత్ర తల ఎత్తలేకపోయింది. "ఆడలే," అంది.

"ఒక్కపాలి గ్రూపుల చెప్పవా? నేను చెప్తే నవ్వుతరు. నువ్వు చెప్తే నమ్ముతరు. అప్పుడు నమ్మిండ్రు గదా."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఆమెకు కొంచెం తేలిగ్గా ఉండేది. "చెప్తా," అంది.

చెప్పలేదు. చెప్పాలంటే థర్మామీటరు సంగతీ చెప్పాలి. ఇవాళ పాపకు పళ్ళు వస్తున్నాయి, రేపు డ్యూటీ, అని వాయిదా వేసింది. చివరికి అందరూ వినే రోజు జూలై ఒకటే కదా, ఆ రోజే చెబుదామని తనకు తానే గడువు పెట్టుకుంది. ఈలోగా డాక్టరు రాసిన మాత్రలు నెలనెలా పొట్లం కట్టి సతీష్ బస్సులో పంపేది. సతీష్ వాటిని తర్రెం వైపు వెళ్ళే జీపుకు అందించేవాడు. ఏం మాత్రలని అతను అడిగితే గ్యాస్‌వని చెప్పింది. ఎలాగూ సుమిత్రే చెబుతుందని హడ్మా కూడా అప్పటిదాకా ఆ మాటే అన్నాడు. మార్చి వచ్చేసరికి నొప్పులు తగ్గాయని, ఇప్పపువ్వు ఏరడానికి అక్కతో సమానంగా తిరిగానని గుట్ట ఎక్కి మరీ ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేసే ముందు అడిగాడు, "గ్రూపుల చెప్పినవా?"

"జూలై ఒకటికి చెప్తరా."

"సరే తియ్యి. మంచి రోజే."

జూన్ పొట్లం సతీష్ బస్సు పనిముట్ల పెట్టెలో పన్నెండు రోజులు ఉండిపోయింది. బస్సు రిపేరుకు పోయింది, అతను వేరే బస్సు ఎక్కాడు, మరిచిపోయాడు. గ్యాస్ మాత్రలు ఎవరు మాత్రం గుర్తుపెట్టుకుంటారు? హడ్మా రెండు సంతలకు రోడ్డు మీదికొచ్చి, వానలో జీపు కోసం నిలబడి వెళ్ళాడు. సతీష్‌కు చీవాట్లు పడతాయని కాబోలు, సుమిత్రకు చెప్పలేదు. రెండో సంత నాటి రాత్రి మొదలైన నొప్పి ఛాతీలోకి ఎక్కింది. వాగు దాటించి, మంచం మీద మోసుకుని, గంగే వాళ్ళు బీజాపూర్ చేర్చేసరికి ఊపిరి లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ వయసు కూడా గురూజీ వేసిందే.

పన్నెండు రోజులు మాత్రలు ఆగితే మనిషి పోతాడని సుమిత్ర చదివిన ఏ పుస్తకమూ చెప్పదు. పోడనీ చెప్పదు.

తొమ్మిది రోజుల తర్వాత జూలై ఒకటి వచ్చింది. పొద్దున్నే గ్రూపులో సతీష్ గొంతు వినిపించింది, జీరగా. "మన హడ్మాగాడు లేకుండ ఇదే మొదటి పుట్టినరోజు. వాడి కథ చెప్పుకుందాం..." అంటూ మళ్ళీ వాగు, ఒడ్డు, ఊపి ఊపి విసరడం. "ఏం నాటకం ఆడిండురా బాబూ," అనగానే రికార్డింగు ఆగిపోయింది. కింద ఏడ్చే బొమ్మలు, వాటి మధ్య నవ్వే బొమ్మలు. గుట్ట మీది నుంచి ఏదీ రాలేదు.

సుమిత్ర పాపకు నీళ్ళు పోస్తోంది. తుడిచి, చంకనేసుకుని, ముందు సతీష్‌కు ఫోన్ చేసింది.

"సతీష్, హడ్మా ఆ రోజు నాటకమాడలేదురా."

మొత్తం చెప్పింది. రక్తం, కొడవళ్ళు, చల్లటి నీళ్ళు, థర్మామీటరు, ఏదీ దాచలేదు. అవతల ప్రయాణికుల గోల, హారను. సతీష్ డ్రైవరుతో బండి పక్కకు ఆపమనడం వినిపించింది. తర్వాత అతను వానలోకి దిగిన చప్పుడు.

"అయితే ఆ పొట్లం... గ్యాస్ గోలీలు గావు."

"కావు."

"పెట్టెల్నే ఉండె సుమిత్రా. నా కాళ్ళ కిందనే ఉండె."

"నేను నీకు చెప్పలేదురా. చెప్పుంటే నువ్వు నడిచైనా ఇచ్చొస్తుంటివి. తప్పు నాది. ఐదు నెలలు సిగ్గుపడుకుంట కూసున్న."

"మనం పంచుకుంటే ఏమన్న తక్కువైతదా?" అన్నాడు సతీష్. అది ఓదార్పో కోపమో ఆమెకు తెలియలేదు. "గ్రూపుల పెట్టు. నాది తీసేస్తున్న."

అతని కథ ఉన్నచోట, సందేశం తొలగించబడింది అన్న ముక్క మిగిలింది. సుమిత్ర దాని కింద మైకు బొమ్మ మీద వేలు పెట్టి పట్టుకుంది.

"నేను సుమిత్రను. ఆ రోజు థర్మామీటరు పెట్టింది నేనే..."

మధ్యలో పాప గిలక్కాయ నేలకేసి కొట్టింది. ఆ చప్పుడు కూడా అందులో పడింది. ఆమె ఆపలేదు.

సాయంత్రానికి ఎవరెవరు విన్నారో చూసింది. తొమ్మిది పేర్లు ఉన్నాయి. పదో పేరు, హడ్మాది, విడిగా అడుగున ఉంది. గంగే ఇంట్లో ఏ బుట్టలోనో ఆరిపోయి పడి ఉన్న ఫోనుకు ఆ మాట ఇంకా చేరలేదు.