మధ్యలో కుర్చీని తీసేసిన మా శ్రీను

నిన్న ఉదయం ఆరున్నరకు దీపం పెట్టి, సహస్రనామం సగంలో ఉన్నాను. మా ఆయన చేపల చెరువులకు మేత వేయించడానికి వెళ్లారు. స్టవ్ మీద పాలు సిమ్‌లో ఉన్నాయి.

ఫోన్ మోగింది. పూజలో నేను ఎత్తను.

మళ్లీ మోగింది.

మూడోసారి ఎత్తాను. ఏలూరు నుంచి మా మరదలు.
"వదినగారూ, ఈయన లేవట్లేదండీ."

మా చిన్నతమ్ముడు శ్రీను ఇక లేడు. నలభై ఆరేళ్లు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్.

వాడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాడు. టీవీకి అడ్డంగా తీసిన వీడియోను ఫోన్‌కు సరిపడా నిలువుగా మార్చి ఇవ్వడమే ఈమధ్య ఎక్కువ పని. పక్కలు కోసేస్తే చుట్టాలు పోతారు. నొక్కితే మనుషులు పొట్లకాయల్లా సాగిపోతారు. అందుకని ఒక సాఫ్ట్‌వేర్ వాడేవాడు. అది మనుషులను అలాగే ఉంచి, వాళ్ల మధ్య ఖాళీని తీసేస్తుంది.

రెండేళ్ల కిందట మా అమ్మాయి పెళ్లి. పొలం గట్టు తగాదాతో మా పెద్దతమ్ముడికీ అత్తిలి బాబాయికీ మాటల్లేవు. ఇద్దరూ ముందు వరుసలోనే కూర్చున్నారు, మధ్యలో ఒక కుర్చీ వదిలి. అందులో ఎవరూ కూర్చోలేదు. ఎందుకో అందరికీ తెలుసు.

శ్రీను పంపిన ఫోన్ వీడియోలో ఆ కుర్చీ లేదు. ఇద్దరూ భుజాలు ఆనించుకుని కూర్చున్నారు.

ఫ్యామిలీ గ్రూపులో మా మేనత్త వాయిస్ మెసేజ్ పెట్టింది. "ఒరే శ్రీనూ, ఆ గట్టు కూడా నీ కంప్యూటర్లో పెట్టి తీసేయరా, పీడా పోతుంది."

అందరూ నవ్వారు.

పెద్దతమ్ముడు నవ్వలేదు. తాడేపల్లిగూడెం నుంచి శ్రీనుకు ఫోన్ చేసి, "నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశావు కదరా" అన్నాడు.

చూసుకోలేదా అని శ్రీనును నేనే అడిగాను.

"చూశానక్కా. సరిచేద్దామనే అనుకున్నా. ఇద్దరూ అలా బాగున్నారనిపించి వదిలేశా."

"ఆ మాట అన్నయ్యకు చెప్పకు. సాఫ్ట్‌వేర్ తప్పని చెప్పు" అన్నాను.

అలాగే చెప్పాడు. వాడికి అబద్ధం చెప్పడం రాదు. పెద్దతమ్ముడు నమ్మలేదు. ఆ తర్వాత వాడి ఫోన్ ఎత్తలేదు.

రోజూ దేవుడి ముందు కూర్చునే నేనే ఆ అబద్ధం నేర్పాను. నిజం చెప్పి ఉంటే ఒకరోజు తిట్టుకునేవాళ్లేమో. ఈ రెండేళ్లలో నేనైనా ఆ నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

నేను ఏలూరు చేరాక, నిన్న మధ్యాహ్నం పెద్దతమ్ముడు వచ్చాడు. అప్పుడు ఆ నిజం చెప్పాను. శ్రీను కాళ్లు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

సాయంత్రం, వాడికి కొడుకులు లేరు కాబట్టి తలకొరివి తనే పెడతానన్నాడు.

మరదలు లోపల నుంచే అంది. "రెండేళ్లు ఆయన ఫోన్ ఎత్తలేదు కదండీ బావగారూ. ఇప్పుడు మీకెందుకండీ శ్రమ."

పెద్దదాన్నని అందరూ నా వైపు చూశారు.

మరదలి మాటే నిలబెట్టాం. ఈ రోజు పదకొండు గంటలకు వాడి కూతురే తలకొరివి పెడుతుంది. పెద్దతమ్ముడు పాడె పడతాడు, అంతవరకే.

శ్రీనూ, వెళ్లిరా నాన్నా. ఆ దేవుడి దగ్గరైనా నీకు ప్రశాంతత దొరకాలి.